కిరాయి ఇల్లు, సిగరెట్టు పొగ

కొన్ని నెలల క్రితం ఒక రోజు ఇషా నమాజు తర్వాత ఒక సోదరుడు మస్జిదులో నా పక్కన వచ్చి కూర్చున్నారు. చేతిలో మడతపెట్టిన స్టాంపు కాగితాలు ఉన్నాయి. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో భార్యాపిల్లలతో కిరాయికి ఉంటున్నారు. "మౌలానా సాబ్, ఒక మస్అలా అడగాలి. నెలనెలా కిరాయి నేను కడుతున్నాను. నా ఇంట్లో, నా బాల్కనీలో నేను సిగరెట్టు తాగితే ఇంటాయనకు ఏం నష్టం? ఖాళీ చేయమంటున్నారు. గోడలకు రంగులు వేయించాలని అడ్వాన్సులోంచి కోసుకుంటారట. ఇది జుల్మ్ కాదా?" అని అడిగారు.

ఆ కాగితాలు తీసుకుని చదివాను. 11 నెలల కిరాయి ఒప్పందం. రెండో పేజీలో ఒక షరతు స్పష్టంగా ఉంది. ఫ్లాటు లోపల గానీ, బాల్కనీలో గానీ, మెట్ల మీద గానీ, డాబా మీద గానీ పొగ తాగరాదని రాశారు. ఆ పేజీ అడుగున ఈయన సంతకం. "భాయ్, ఇది చదివారా?" అంటే ఆయన నవ్వేశారు. "ఎవరు చదువుతారు మౌలానా సాబ్! బ్రోకరు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశాను."

ఆయన మంచి మనిషి. ఐదు పూటలా జమాఅతులో కనిపిస్తారు. వడ్డీ జోలికి పోరు. దుకాణంలో తూకం తగ్గించరు. అయినా ఈ విషయంలో తన వైపు తప్పు ఉండవచ్చన్న ఆలోచనే ఆయనకు రాలేదు. మనలో చాలామంది పరిస్థితి ఇదే. నమాజు, రోజాల మసాయిల్ అడిగి తెలుసుకుంటాం. జకాతు లెక్కలు అడుగుతాం. రాత్రింబవళ్ళు ఉండే కిరాయి ఇంటి మసాయిల్ మాత్రం ఎవరినీ అడగం. అందుకే ఈ నెల పాఠం దాని మీదే.

మనం కొన్నది గోడలను కాదు

ఫిఖ్హ్‌లో కిరాయిని ‘ఇజారా’ అంటారు. వస్తువును కొనకుండా, దాని వల్ల కలిగే ప్రయోజనాన్ని ఇంత కాలానికి, ఇంత సొమ్ముకు అని నిర్ణయించుకుని కొనడమే ఇజారా. గోడలు, తలుపులు, బాల్కనీ ఇంటి యజమానివే. అందులో నివసించే హక్కు మాత్రం ఆ 11 నెలలూ మనది. ఆయన మన అనుమతి లేకుండా లోపలికి రాకూడదు. అదే సమయంలో ఆ ఇల్లు మన చేతిలో అమానత్.

మదరసాలో మేము తొలి సంవత్సరాల్లో చదివే ఫిఖ్హ్ గ్రంథాల్లో ‘ముఖ్తసరుల్ ఖుదూరీ’ ఒకటి. దాన్ని రాసిన బాగ్దాదు ఇమామ్ ఖుదూరీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 428లో, అంటే క్రీ.శ. 1037లో మరణించారు. అందులో ఇజారా అధ్యాయంలో ఒక మస్అలా ఉంది. ఇంటిని నివాసం కోసం కిరాయికి తీసుకున్న వ్యక్తి అందులో ఏమేమి చేస్తాడో ముందుగా చెప్పకపోయినా ఒప్పందం చెల్లుతుంది. అక్కడ అతను తన పనులు చేసుకోవచ్చు. అయితే కమ్మరి కొలిమి పెట్టించరాదు, బట్టలు బాది శుభ్రం చేసేవారిని కూర్చోబెట్టరాదు, తిరగలి ఆడించరాదు. కారణం, ఆ పనుల వల్ల కట్టడం దెబ్బతింటుంది.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ మస్అలా చదివి, ఈ కాలంలో ఎవరు ఇంట్లో కొలిమి పెడతారులే అనుకుని పేజీ తిప్పేశాను. ఆ సోదరుడి బాల్కనీ గోడ చూసిన తర్వాత ఆ పేజీ మళ్ళీ తెరవాల్సి వచ్చింది. సిగరెట్టు పొగలోని నికోటిన్, తారు గోడలకు, పైకప్పుకు, పరదాలకు అంటుకుని పేరుకుంటాయి. తెల్ల గోడ పసుపు తిరుగుతుంది. కిటికీలు ఎంత తెరిచి ఉంచినా వాసన నెలల తరబడి పోదు. అటువంటి గోడకు నేరుగా రంగు కొడితే మరక మళ్ళీ పైకి వస్తుంది. ముందు కడిగి, ప్రైమర్ వేసి, అప్పుడు రంగు వేయాలి. ఏ పెయింటరును అడిగినా ఈ మాట చెబుతాడు. అంటే నివసించడం వల్ల సహజంగా కలిగే అరుగుదల వేరు, ఇది వేరు. ఖుదూరీ ఇమామ్ చెప్పిన కొలిమి వరుసలోకి ఇదీ వస్తుంది. ఒప్పందంలో ఒక్క మాట రాయకపోయినా, ఇంటికి ఇటువంటి నష్టం చేసే హక్కు కిరాయిదారుకు లేదు.

సంతకం పెట్టిన తర్వాత

ఇక రాసి ఉంటే? హనఫీ ఫిఖ్హ్‌లో కిరాయి ఒప్పందంలో పెట్టే ప్రతి షరతూ చెల్లదు. ఒప్పందం స్వభావానికి విరుద్ధంగా, కేవలం ఒక పక్షానికి లాభం చేకూర్చే షరతు ఒప్పందాన్నే ఫాసిద్ చేస్తుంది. ఉదాహరణకు, ఇల్లు కిరాయికి ఇస్తాను గాని నాకు ఇంత అప్పు ఇవ్వాలి అనడం. పొగ తాగరాదన్న షరతు అటువంటిది కాదు. ఇంటిని నష్టం నుంచి కాపాడుకోవడం యజమాని హక్కు. ఆ హక్కునే ఆయన కాగితం మీద పెట్టారు. పైగా జనంలో వాడుకలో ఉన్న షరతును, అంటే ‘ఉర్ఫ్’ను, ఫుఖహా ఒప్పుకుంటారు. కాబట్టి ఈ షరతు చెల్లుతుంది.

చెల్లే షరతు మీద సంతకం పెట్టాక అది ‘అహ్ద్’ అవుతుంది, అంటే మాట ఇచ్చినట్లు. దివ్య ఖుర్ఆన్‌లో మాయిదా సూరా మొదలయ్యేదే విశ్వాసులు తమ ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆదేశంతో. బనీ ఇస్రాయీల్ సూరాలో, చేసిన వాగ్దానం గురించి రేపు ప్రశ్నించడం జరుగుతుందన్న హెచ్చరిక ఉంది. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారన్న భావంతో దైవప్రవక్త (స) హదీసు అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది.

"చదవలేదు" అన్న సాకు ఇక్కడ పనికిరాదు. అప్పు పత్రం రాసుకోవడం గురించిన బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయతు. ఎవరు రాయాలి, ఎవరు చెబుతూ రాయించాలి, సాక్షులు ఎవరు అని అంత వివరంగా ఆదేశించిన ధర్మంలో ఉండి, మనం కాగితం చూడకుండా వేలు పెట్టిన చోటల్లా సంతకం చేస్తున్నాం. తెలుగు లేదా ఇంగ్లీషు చదవడం రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకుని వినండి. స్కూలుకు పంపి చదివిస్తున్నది ఎందుకు మరి!

ఆ సోదరుడు మధ్యలో ఒక మాట అన్నారు. "ఇంటాయన మనవాడు కాదు కదా మౌలానా సాబ్." ఈ మాట విని చాలా బాధ కలిగింది. బద్ర్ యుద్ధం ముందు జరిగిన సంఘటన ఆయనకు చెప్పాను. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా దారిలో ఖురైషీయులు పట్టుకున్నారు. ముహమ్మద్ (స) పక్షాన యుద్ధం చేయబోమని మాట ఇస్తేనే వదులుతామన్నారు. మాట ఇచ్చి బయటపడ్డారు. ముస్లిముల సంఖ్య సుమారు 313. ఎదుట దానికి మూడు రెట్ల సైన్యం. ఇద్దరు మనుషులు కూడా ఎంతో విలువైన సమయం అది. అయినా దైవప్రవక్త (స) వారిద్దరినీ యుద్ధానికి రానివ్వలేదు. శత్రువుకు ఇచ్చిన మాటనైనా నిలబెడదాం, సహాయం అల్లాహ్‌ను అడుగుదాం అన్నారు. ఇది సహీహ్ ముస్లిం‌లో ఉంది. కత్తి పట్టి వచ్చినవారికి బలవంతాన ఇచ్చిన మాటకే ఇంత విలువ ఉంటే, మనల్ని నమ్మి తాళంచెవి చేతిలో పెట్టిన ఇంటాయనకు ఇచ్చిన మాట ఏపాటిది అనుకోవాలి?

ఇంకొక సంగతి కూడా మనకు తెలియనిది కాదు. పేరు చెప్పగానే ఇల్లు లేదనే చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి బిల్డింగులో ఒక యజమాని ముందుకు వచ్చి ముస్లిం కుటుంబానికి ఇల్లు ఇచ్చినప్పుడు, ఆ కుటుంబం షరతు తప్పితే తర్వాత ఆ గేటు దగ్గర నిలబడే ముస్లిము ఎటువంటి సమాధానం వింటాడో ఊహించండి. పేరు చూసి ఇల్లు నిరాకరించడం అన్యాయమే, అందులో సందేహం లేదు. కాని ఆ అన్యాయానికి మన చేతులతో సాకు అందించకూడదు. మాంసం వండరాదన్న షరతు విషయం కూడా ఇంతే. పాటించగలిగితే ఒప్పుకోండి. లేకపోతే వేరే ఇల్లు వెతుక్కోండి. ఒప్పుకుని తలుపులు మూసి వండుకోవడం మాత్రం వద్దు.

నా బాల్కనీ, వారి కిటికీ

మాట్లాడుతూ ఉండగా ఆ సోదరుడు ఇంకొక సంగతి బయటపెట్టారు. యజమానికి ఫిర్యాదు చేసింది నాలుగో అంతస్తు వారు. వారి బాబుకు ఉబ్బసం. బాల్కనీలో ఈయన సిగరెట్టు వెలిగించినప్పుడల్లా వాళ్ళు కిటికీ మూసుకుంటారు. బాత్రూముల వెనుక గొట్టాలు వెళ్ళే ఖాళీలోంచి కూడా వాసన పైకి వస్తుందట. "నేను ఇంట్లో తాగట్లేదు మౌలానా సాబ్, మా పిల్లలకు ఇబ్బంది అని బాల్కనీలోకి వెళ్తున్నాను" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. తన పిల్లలను తప్పించిన పొగ పక్కవారి పిల్లవాడి మీదకు వెళ్తోందని మాత్రం గమనించలేదు.

పొగ పక్కన ఉన్నవారికి చేసే కీడు గురించి ఇప్పుడు వైద్యుల్లో రెండో అభిప్రాయం లేదు. సిగరెట్టు పొగలో 7000కు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో సుమారు 70 క్యాన్సరు కలిగించేవి. తాము సిగరెట్టు ముట్టకుండానే ఇతరుల పొగ వల్ల ఏటా ప్రపంచంలో పది లక్షలకు పైగా మనుషులు మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పసిపిల్లల్లో ఉబ్బసం ముదరడం, చెవి పోటు, ఛాతీ జబ్బులు, నిద్రలో ఆకస్మిక మరణం వంటివాటికి ఈ పొగతో సంబంధం ఉంది. ఫర్వాలేదు అనదగిన మోతాదు అంటూ ఏదీ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. ఫ్యాను వేయడం, కిటికీ తెరవడం సరిపోవని కూడా అందులో ఉంది.

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. అవి హలాల్ ఆహారం. వాటి వాసన ఎవరికీ జబ్బు తెప్పించదు. పక్కవారికి కాస్త ఇబ్బంది, అంతే. ఆ ఇబ్బందినే ధర్మం లెక్కలోకి తీసుకుంది. తన కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేని వ్యక్తి విశ్వాసి కాడని ప్రమాణం చేసి మరీ హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది. మనం ఇంతకాలం దాన్ని గొడవలకు, తిట్లకు మాత్రమే వర్తింపజేసుకున్నాం.

పొగ విషయంలో మన ఫుఖహా సూటిగానే మాట్లాడారు. ఉస్మానీ ప్రభుత్వం 1869 నుంచి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా తయారు చేసిన చట్ట గ్రంథం ‘మజల్లా’లో పొరుగువారి హక్కులకు ప్రత్యేక భాగం ఉంది. అందులో 1200వ అంశం ప్రకారం పొరుగింటికి తీవ్రమైన నష్టం కలిగించేది ఏదైనా తొలగించాల్సిందే. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, పక్కన బట్టీ పెట్టడం వల్ల వచ్చే పొగతో ఇంటివారు అక్కడ నివసించలేని స్థితి. గమనించండి, ఆ బట్టీ పెట్టినవాడు తన సొంత స్థలంలోనే పెట్టుకున్నాడు. సొంత స్థలంలోనే లేని హక్కు కిరాయి బాల్కనీలో ఎక్కడి నుంచి వస్తుంది? వంట పొగ సంగతి వేరు. అది అందరి ఇళ్ళలో ఉండే అవసరం, కాసేపట్లో పోతుంది. దాన్ని పొరుగువారు సహించాలి.

సిగరెట్టు కాదు, హుక్కా అనేవారికీ సమాధానం ఇదే. పండ్ల వాసన వేసినంత మాత్రాన పొగ పొగ కాకుండా పోదు. ఇక ఇ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి చట్టరీత్యా నిషేధం. శుక్రవారం ఊదు, లోబాన్ వేసుకోవడం ఈ షరతు కిందికి రాదు. అయినా పక్కన ఉబ్బసం రోగి ఉంటే కొద్దిగా వేసుకుని కిటికీ చూసుకోవడం మర్యాద. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు మాత్రం దీన్ని కూడా లీజులో చూసుకోవాలి. అక్కడి గదుల్లో పొగను పసిగట్టే అలారాలు ఉంటాయి. అక్కడ ప్రభుత్వ గృహాల్లోనైతే 2018 జూలై చివరి నుంచి గదుల లోపల, భవనానికి 25 అడుగుల లోపు సిగరెట్టు తాగడం నిషేధించారు. మనవాళ్ళు ఉండే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల లీజుకు జతచేసిన కాగితంలో ఇటువంటి షరతే ఉంటుంది.

మాటల్లో మాట, జర్దా పాన్ నమిలి మెట్ల మూలల్లో ఉమ్మేవారి గురించి కూడా చెప్పాలి. ఈ అలవాటు మా మదరసా వర్గంలోనూ లేకపోలేదు. సిగరెట్టు తాగేవారిని మందలించే నోటితోనే గోడ ఎర్రగా చేస్తే ఆ మందలింపు ఎవరు వింటారు?

మక్రూహే కదా అనేవారికి

పొగాకు దైవప్రవక్త (స) కాలంలో లేదు. అమెరికా ఖండం నుంచి బయలుదేరి ముస్లిం దేశాలకు 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో చేరింది. మన దేశంలో జహాంగీర్ 1617లో నిషేధించాడు. ఉస్మానీ సుల్తాన్ నాలుగో మురాద్ 1633లో మరణశిక్ష పెట్టి మరీ నిషేధించాడు. ఉలమాలో భేదాభిప్రాయాలు వచ్చాయి. దమిష్క్‌కు చెందిన అల్లామా అబ్దుల్ గనీ నాబులుసీ (మరణం 1731) వంటివారు ముబాహ్ అన్నారు. భారత ఉపఖండంలో చాలామంది మక్రూహ్ అన్నారు. ఈ కాలపు అరబ్ ఉలమాలో అధికులు హరామ్ అంటున్నారు. వైద్యశాస్త్రం ఇంత బయటపెట్టిన తర్వాత ముబాహ్ అనడం కష్టమని నా అభిప్రాయం. కాని ఇక్కడ ఆ చర్చ అవసరమే లేదు. ముబాహ్ అన్న అభిప్రాయమే తీసుకోండి. ముబాహ్ పనిని చేయనని మాట ఇచ్చాక, ఆ మాట నిలుపుకోవడం తప్పనిసరి అవుతుంది. పొరుగువారికి కీడు చేయడం ఎలాగూ ఎవరి దగ్గరా ముబాహ్ కాదు.

ప్రభుత్వ చట్టం సంగతి క్లుప్తంగా. 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నియమాలతో గట్టిగా అమలు మొదలైంది. చట్టంలో రాసిన జరిమానా 200 రూపాయల వరకు. కాని ఆ చట్టం మీ పడకగదిలోకి రాదు. అక్కడ మిమ్మల్ని ఆపేది మీరు సంతకం పెట్టిన కాగితమే. కిరాయిదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి, సహజ అరుగుదల మాత్రం మినహాయింపు అని 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. ఫిఖ్హ్ చెప్పేదీ దాదాపు ఇదే.

యజమానికీ హద్దులున్నాయి

ఇంతవరకు చదివి ఇళ్ళ యజమానులు సంతోషించి ఉంటారు. వారు కూడా వినవలసింది ఉంది.

కిరాయిదారు అమీన్, అంటే అమానత్ మోసేవాడు. అతని అతిక్రమణ లేదా నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికే అతను బాధ్యుడు. అడ్వాన్సు మీ చేతిలో ఉన్న అతని సొమ్ము. ఖర్చు చేసుకున్నారు కాబట్టి ఫిఖ్హ్ ప్రకారం అది మీ మీద అప్పు. ఖాళీ చేసేటప్పుడు రెండు గదుల గోడలు పాడైతే ఆ రెండు గదుల రంగు ఖర్చే కోసుకోవాలి. ఆ పేరుతో ఇల్లంతా కొత్తగా రంగులు వేయించుకోవడం పరాయి సొమ్ము తినడమే. ఐదేళ్ళ క్రితం వేసిన రంగు ఎలాగూ వెలిసిపోయేదే, ఆ వెలితిని సిగరెట్టు మీద వేయకూడదు. "పొగ తాగితే ఐదు వేలు జరిమానా" అని రాసుకుంటారు కొందరు. నష్టానికి మించి జరిమానా తీసుకోవడం హనఫీ ఫిఖ్హ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం సరికాదు. అసలు నష్టం తీసుకోండి, బిల్లు చూపించండి.

ఒప్పందంలో లేని షరతును గడువు మధ్యలో రుద్దడం కూడా కుదరదు. కొత్త షరతు కావాలంటే 11 నెలలు అయ్యాక కొత్త కాగితంలో రాయండి. ఏడాదికి మించిన లీజు అయితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలకే రాసుకుంటున్నారు. మాట మార్చుకునే అవకాశం ఏటా ఎలాగూ వస్తుంది. తాళంచెవి ఇచ్చే రోజునే ఇద్దరూ కలిసి గోడలన్నీ ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకుంటే తర్వాత గొడవల్లో సగం ఉండవు.

పై అంతస్తులోని ఆ కుటుంబం కూడా కిరాయికి ఉన్నదే. వారి వైపు నుంచి ఎవరైనా అడిగితే చెప్పే మాట ఏమిటంటే, ముందు పొరుగువారితో మర్యాదగా మాట్లాడాలి, ఆ తర్వాత వారి యజమానికి, అసోసియేషనుకు చెప్పాలి. అప్పటికీ ఆగకపోతే, నివాసానికి హాని చేసే లోపం కనబడిన కిరాయిదారుకు ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉందని ఖుదూరీలోనే ఉంది.

ఆ రాత్రి ఆ సోదరుడు చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. "ఇప్పుడు తౌబా చేసుకుంటే సరిపోతుందా?" అని అడిగారు. అల్లాహ్ హక్కుకు తౌబా సరిపోతుంది. దాసుల హక్కు, హఖ్ఖుల్ ఇబాద్, ఆ దాసులు క్షమిస్తేనే తీరుతుంది. కాబట్టి రేపే నాలుగో అంతస్తుకు వెళ్ళి క్షమాపణ అడగండి, ఆ తర్వాత ఇంటాయన దగ్గరకు వెళ్ళి గోడల ఖర్చు తక్రారు లేకుండా ఒప్పుకోండి అన్నాను. సిగరెట్టు ఒక్క రోజులో మానేయమని నేను చెబితే ఆయన మానగలరా అన్నది వేరే సంగతి. కనీసం గేటు దాటి వెళ్ళి, ఎవరూ లేని ఖాళీ స్థలం చూసుకోవాలి.

ఆయన వెళ్ళారు. పై అంతస్తు ఇల్లాలు టీ ఇచ్చి పంపిందట. ఇంటాయన హాలు గోడకు, బాల్కనీకి మాత్రమే ఖర్చు లెక్కవేసి, ఖాళీ చేయమన్న మాట వెనక్కి తీసుకున్నారు. మొన్న కలిసినప్పుడు సిగరెట్లు ఎన్ని అయ్యాయని అడిగాను. "రోజుకు మూడు, మౌలానా సాబ్. ప్రతిసారీ మూడంతస్తులు దిగి ఎక్కాలి. లిఫ్టు సగం రోజులు పనిచేయదు" అన్నారు.